ధ్వని పాఠాలు – 6: యంత్రం కొలిచేది కాలాన్నే

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. ఎండాకాలం, గాలి 35 డిగ్రీల వేడి. గోడకు ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే 0.3 సెకన్లకు ప్రతిధ్వని వినిపించింది. గోడ ఎంత దూరంలో ఉంది?

గాలిలో ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, ఆపైన డిగ్రీకి 0.6 మీటరు చొప్పున పెరుగుతుందని చెప్పుకున్నాం. అంటే 331 + 21 = 352. దాన్ని 0.3తో గుణిస్తే 105.6 మీటర్లు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. చప్పుడు గోడదాకా వెళ్లి మళ్లీ చెవిదాకా తిరిగి రావాలి కదా! సగం చేస్తే 52.8 మీటర్లు. నోట్‌బుక్కు పై అంచున పెద్దగా రాసుకోండి:

దూరం = వేగం × కాలం ÷ 2

ఇందులో యంత్రం నిజంగా కొలిచేది కాలం ఒక్కటే. వేగాన్ని ముందే మనం చెప్పాలి. మనం చెప్పిన వేగం తప్పయితే, యంత్రం తప్పు దూరాన్ని ఏ మాత్రం తడబడకుండా చూపిస్తుంది. ఇవాళ్టి పాఠమంతా దీని చుట్టూనే.

చేతికందే ప్రయోగం

కోఠి గుజరాతీ గల్లీలోనో, మీ ఊళ్లో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే కొట్లోనో హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే సెన్సర్ అడగండి. రెండు కళ్లలాంటి డబ్బాలుంటాయి. ఒకటి అరుస్తుంది, రెండోది వింటుంది. ఆ అరుపు మనకు వినపడదు. మన చెవి గరిష్ఠంగా 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, ఇది 40 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకు తగిలించి, సెన్సర్‌ను మొదలుపెట్టించే ట్రిగ్ పిన్నుకు 10 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే, సెన్సర్ ఎనిమిది కంపనాల చిన్న అరుపు వదులుతుంది. ప్రతిధ్వని తిరిగొచ్చేదాకా ఎకో పిన్ను 'హై'లో ఉంటుంది. ఎంతసేపు ఉందో ఆర్డుయినోలోని పల్స్‌ఇన్ ఫంక్షన్ మైక్రోసెకన్లలో చెబుతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే చాలా ప్రోగ్రాములు ఆ అంకెను 58తో భాగించమంటాయి. ఎందుకో చెప్పవు. లెక్క మీరే వేయండి: వస్తువు ఒక సెంటీమీటరు దూరంలో ఉంటే ధ్వని రానూపోనూ 2 సెంటీమీటర్లు ప్రయాణించాలి. 0.02 మీటరును 343తో భాగిస్తే 58.3 మైక్రోసెకన్లు. 343 అనేది 20 డిగ్రీల గాలిలో వేగం. ఆ 58లో ఎవరిదో చల్లని గది దాక్కుని ఉందన్నమాట.

మే నెలలో మేడ మీది నీళ్ల ట్యాంకు మూతకు ఈ సెన్సర్ బిగించారనుకోండి. లోపలి గాలి 40 డిగ్రీలు. నీళ్లు సరిగ్గా మీటరు కింద ఉన్నాయి. అసలు వేగం 355, కాబట్టి రానూపోనూ పట్టే కాలం 5,634 మైక్రోసెకన్లు. దాన్ని 58తో భాగిస్తే 97 సెంటీమీటర్లు వస్తుంది. నీళ్లు పెరగలేదు, అయినా మీ ఫోన్లో మూడు సెంటీమీటర్లు పెరిగినట్టు కనిపిస్తాయి. పక్కన చవకరకం ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి పెట్టి వేగాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దితే సరి.

ఇంకో రెండు పరీక్షలు చేసి చూడండి. ఎదురుగా అట్ట పెట్టి దాన్ని మెల్లగా ఏటవాలుగా తిప్పండి. ఒక కోణం దాటాక అంకెలు పిచ్చిపిచ్చిగా వస్తాయి, ఎందుకంటే ధ్వని అద్దం మీది వెలుగులా పక్కకు పరావర్తనం చెంది వెళ్లిపోతోంది. తరవాత అట్ట స్థానంలో దిండు పెట్టండి. దిండు ధ్వనిని చాలావరకు మింగేస్తుంది. స్కానింగ్ గదిలో కూడా ఈ రెండు ఇబ్బందులే పెద్ద పేర్లతో ఎదురవుతాయి.

శరీరంలోకి

వినపడే ధ్వనితోనే కడుపు లోపలిది ఎందుకు చూడకూడదు? తరంగదైర్ఘ్యం లెక్క కట్టండి. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సుమారు 1,540 మీటర్లు. 1 కిలోహెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం 1.54 మీటర్లు, దాదాపు మనిషంత పొడవు. అంత పెద్ద అలతో పిత్తాశయంలో రాయిని వెతకడం ఉన్ని తొడుగు వేసుకుని నాణెం మీది అక్షరాలు తడిమి చదవబోవడమే. అదే 3.5 మెగాహెర్ట్జ్ అయితే తరంగదైర్ఘ్యం 0.44 మిల్లీమీటరు. ఇప్పుడు రాయి దొరుకుతుంది.

మరి 10 మెగాహెర్ట్జ్ వాడితే ఇంకా స్పష్టంగా కనిపించదా? కనిపిస్తుంది, కానీ లోతుకు పోదు. కణజాలం ప్రతి సెంటీమీటరుకు, ప్రతి మెగాహెర్ట్జ్‌కు సుమారు అర డెసిబెల్ చొప్పున ధ్వనిని తగ్గిస్తుంది. 15 సెంటీమీటర్ల లోతు చూడాలంటే దారి రానూపోనూ 30 సెంటీమీటర్లు. 3.5 మెగాహెర్ట్జ్‌కు నష్టం 0.5 × 3.5 × 30 = 52.5 డెసిబెల్లు. ప్రతి 10 డెసిబెల్లకు శక్తి పదోవంతు అవుతుంది గనక, తిరిగొచ్చేది పంపినదాంట్లో లక్షోవంతు కన్నా తక్కువ. అయినా మంచి రిసీవర్ దాన్ని పట్టుకోగలదు. 10 మెగాహెర్ట్జ్‌కు అదే లెక్క 150 డెసిబెల్లు, అంటే ఒకటి పక్కన పదిహేను సున్నాలతో భాగించాలి. ఏ యంత్రమూ పట్టుకోలేదు. అందుకే చర్మం కిందే ఉండే థైరాయిడ్‌కు ఒక ప్రోబు (ఒంటికి ఆనించి ధ్వని పంపి, వినే పరికరం), కడుపుకు ఇంకొకటి. స్కానింగ్ మిషను ప్యానెల్ మీద వరసగా జారుడు మీటలు చూసే ఉంటారు. ఆలస్యంగా వచ్చే, అంటే లోతునుంచి వచ్చే బలహీనమైన ప్రతిధ్వనులను ఎక్కువ పెంచి చూపించడానికే అవి.

ఇక స్కానింగ్‌కు ముందు చర్మానికి రాసే జెల్ సంగతి. రెండు పదార్థాల సరిహద్దు దగ్గర ఎంత ధ్వని వెనక్కి వస్తుందన్నది వాటి ధ్వని అవరోధాల తేడాను బట్టి ఉంటుంది. అవరోధం అంటే సాంద్రత, వేగాల లబ్ధం.

పరావర్తన భాగం = (అవరోధాల తేడా ÷ అవరోధాల మొత్తం) వర్గం

మెగారేల్ అనే ప్రమాణంలో కొవ్వుకు 1.38, కండరానికి 1.70. తేడా 0.32, మొత్తం 3.08. భాగించి వర్గం చేస్తే 0.011. నూటికి ఒక వంతు వెనక్కి వచ్చి తెర మీద గీతగా కనిపిస్తుంది, మిగతా 99 వంతులు ముందుకు పోయి ఇంకా లోతు చూపిస్తాయి. ఇలా కొంచెం కొంచెం వెనక్కి రావడమే స్కానింగ్‌కు ప్రాణం. ఇప్పుడు గాలి వేసి చూడండి: గాలికి 0.0004, కణజాలానికి 1.63. జవాబు 0.999. ప్రోబుకూ చర్మానికీ మధ్య వెంట్రుకవాసి గాలి పొర ఉన్నా లోపలికి పోయేది దాదాపు శూన్యం. జెల్ ఆ గాలిని బయటికి తోసేస్తుంది, అంతకుమించి అందులో మందూ మాకూ లేదు. "నీళ్లు బాగా తాగి రండి" అనడం వెనక కూడా ఇదే సూత్రం. నిండిన మూత్రాశయం గాలి ఉన్న పేగులను పక్కకు నెట్టి, ధ్వని సాఫీగా పోయే కిటికీగా పనిచేస్తుంది.

కాలం లెక్కలు ఒకసారి చూద్దాం. కణజాలంలో ఒక సెంటీమీటరుకు రానూపోనూ 13 మైక్రోసెకన్లు. 15 సెంటీమీటర్లకు 195. తెర మీది ఒక్కో బొమ్మకు 128 గీతలు అవసరమైతే సుమారు 25 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 40 బొమ్మలు. ఇంత వేగంగా గీస్తుంది కాబట్టే గుండె కవాటం కొట్టుకోవడం కదులుతున్నట్టే కనిపిస్తుంది.

ట్యాంకు కథ ఇక్కడా ఉంది. మిషను అన్నిచోట్లా వేగం 1,540 అనే నమ్ముతుంది. కొవ్వులో అసలు వేగం సుమారు 1,450. మూడు సెంటీమీటర్ల కొవ్వు పొర దాటడానికి రానూపోనూ 41.4 మైక్రోసెకన్లు పడితే, మిషను దాన్ని 3.19 సెంటీమీటర్లుగా లెక్కిస్తుంది. దాని కిందున్నవన్నీ దాదాపు రెండు మిల్లీమీటర్లు లోతుగా కనిపిస్తాయి. అనుభవమున్న డాక్టర్లకు ఇది కొత్త కాదు.

బాయిలర్ల కార్ఖానా నుంచి ఆసుపత్రికి

కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని జాక్, పియర్ క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అవే స్ఫటికాలు కంపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములను పసిగట్టడానికి ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త పోల్ లాంజెవాన్ క్వార్ట్జ్‌తో ఈ పని చేయించాడు. నాకు వీటన్నిటికన్నా నచ్చేది ఇయన్ డొనాల్డ్ కథ. గ్లాస్గోలో ప్రసూతి వైద్య ప్రొఫెసర్. 1955లో ఆయన ఆపరేషన్‌లో తీసిన కణితులను కారులో వేసుకుని, బాయిలర్లు తయారుచేసే కార్ఖానాకు పట్టుకెళ్లాడు. అక్కడ వెల్డింగ్‌లో పగుళ్లు వెతికే మిషనుతో వాటిని పరీక్షించాడు. పోల్చి చూడడానికి ఒక మాంసం ముక్క కూడా పెట్టుకున్నాడు! నీటి తిత్తికీ గట్టి గడ్డకూ ప్రతిధ్వనులు వేరువేరుగా వచ్చాయి. 1958లో లాన్సెట్ పత్రికలో సహచరులతో కలిసి ప్రచురించిన వ్యాసంతో ఈ పరీక్ష వైద్యలోకంలోకి అడుగుపెట్టింది.

పగుళ్లు వెతికే పని ఆగలేదు. రైలు పట్టాల మీద చిన్న ట్రాలీ తోసుకుంటూ రైల్వే సిబ్బంది ఇప్పటికీ చేసేది అదే. ఉక్కులో వేగం సుమారు 5,900 మీటర్లు. జెల్ బదులు అక్కడ నీళ్లు.

ఈసారి లెక్కలు

1. పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. పై నుంచి నేరుగా కిందికి పంపిన ధ్వని అడుగు తాకి ఎంతసేపటికి తిరిగొస్తుంది? 20 మైక్రోసెకన్లకే ఒక ప్రతిధ్వని వస్తే లోపం ఎంత లోతులో ఉన్నట్టు?

2. విశాఖ నుంచి వేటకు వెళ్లిన బోటులో ఎకో సౌండర్‌కు అడుగునుంచి ప్రతిధ్వని 80 మిల్లీసెకన్లకు వచ్చింది. సముద్రపు నీటిలో వేగం 1,500గా తీసుకుని లోతు చెప్పండి. దానికన్నా ముందు, 50 మిల్లీసెకన్ల దగ్గర ఇంకో బలమైన ప్రతిధ్వని కనిపించింది. చేపల కండరం అవరోధం నీటికి దగ్గరే కదా, మరి అంత బలంగా ఎలా వచ్చింది? చాలా చేపల పొట్టలో గాలితిత్తి ఉంటుందని గుర్తు చేసుకుని, పై సూత్రంతో జవాబు రాయండి.

3. 10 మెగాహెర్ట్జ్ ప్రోబుతో 3 సెంటీమీటర్ల లోతు చూస్తే నష్టం ఎన్ని డెసిబెల్లు? తిరిగొచ్చేది ఎన్నోవంతు?

జవాబులు వచ్చే పాఠంలో. అందులో ఎదుటి వస్తువు కదులుతుంటే, ఉదాహరణకు రక్తనాళంలో రక్తం పారుతుంటే, ప్రతిధ్వని పౌనఃపున్యం ఎలా మారుతుందో చూస్తాం. అందుకు రెండో పాఠంలోని రైలు కూత లెక్క ఒకసారి తిరగేసి ఉంచుకోండి.