రాత్రికి ఒక్క కుక్కర్ చాలు

మాది గుంటూరు బ్రాడీపేట, ఉద్యోగం విజయవాడలో. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతుంది, కాళ్లు లాగేస్తుంటాయి, సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు "రాత్రికి కూరేంటి?" అంటారు. పప్పు, వేపుడు, చారు, పచ్చడి అన్నీ ఉంటేనే భోజనం అనుకుని చాలా ఏళ్లు టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ఒక్కటే పట్టుకున్నాను: రాత్రికి అన్నం కాక వేడిగా ఒక్కటి వండితే చాలు, మిగతాది సీసాల్లోంచి, పెరుగు గిన్నెలోంచి రావాలి. ఐదుగురం ఉంటాం, మా అత్తయ్యగారితో కలిపి, ఎవరూ ఆకలితో లేవలేదు.

గోంగూర పప్పు చేసే రోజు ఇంటికి రాగానే, చీర కూడా మార్చుకోకముందే, 1 గ్లాసు కందిపప్పు కడిగి నీళ్లు పోసి పక్కన పెట్టండి. మీరు స్నానం చేసొచ్చేలోపు 20 నిమిషాలు నానుతుంది, నానిన పప్పు తొందరగా, అంతా ఒకేలా ఉడుకుతుంది. తర్వాత కుక్కర్ అడుగున గ్లాసున్నర నీళ్లు పోసి, కింద గిన్నెలో పప్పు, రెండున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, పొంగకుండా ఒక చుక్క నూనె వేయండి. పై గిన్నెలో 2 గ్లాసుల బియ్యం, ఒకటికి రెండు చొప్పున నీళ్లు, పాత బియ్యమైతే ఇంకాస్త. మధ్యస్థంగా మంట పెట్టి 4, 5 విజిల్స్ రానిచ్చి కట్టేయండి. ఆవిరి దానంతట అది దిగాలి, తొందరపడి విజిల్ ఎత్తేస్తే అన్నం గంజి పైకి చిమ్ముతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. గోంగూర, చింతపండు, మామిడికాయ, ఏ పులుపైనా సరే పప్పుతో కలిపి కుక్కర్‌లో పెట్టొద్దు, పులుపు తగిలితే పప్పు మెత్తబడడానికి మొండికేస్తుంది. ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉందని చాలామంది పప్పును తిడతారు, పాపం దాని తప్పేం లేదు.

అందుకే గోంగూర పని ఆవిరి దిగేలోపు బాణలిలో చేసుకోండి. 2 చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, 3 ఎండుమిర్చి, చితక్కొట్టిన 6 వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు, కాస్త ఇంగువ వేసి, అవి చిటపటలాడాక 4 పచ్చిమిర్చి, కడిగిన గోంగూర అందులోనే పడేయండి. బాణలి నిండుగా ఉన్న ఆకు రెండు నిమిషాల్లో గుప్పెడంత అయిపోతుంది, పచ్చదనం పోయి ఖాకీ రంగులోకి తిరుగుతుంది, ఆ పుల్లటి వాసన వెల్లుల్లి వాసనతో కలిసి హాల్లోకి వెళ్లేసరికి పిల్లలు వాళ్లంతట వాళ్లే కంచాలు పెట్టుకుంటారు. ఇప్పుడు పప్పుగుత్తితో పప్పును నాలుగు తిప్పులు తిప్పి, ఉప్పు వేసి, బాణలిలో కలపండి. మరీ మెదపొద్దు, కొన్ని పలుకులు పంటికి తగలాలి. పోపుకి వేరే గిన్నె, ఆకు మగ్గించడానికి ఇంకో గిన్నె అక్కర్లేదు, తోమాల్సినవి తగ్గడం కూడా వంట తేలికవడమే.

గోంగూర ఒలవడం బద్ధకమైతే రైతు బజార్ నుంచి తెచ్చిన రోజే ఒలిచేసి, కడగకుండా, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. గోంగూర లేని రోజు దోసకాయ ముక్కలు, అవి గోంగూరంత పుల్లగా ఉండవు కాబట్టి పప్పుతోనే కుక్కర్‌లో వేసేయొచ్చు. ముక్క చేదు లేదని కొరికి చూసి మరీ వేయండి.

ఇక సీసాల సంగతి. ఆదివారం అరగంట కేటాయించి కందిపొడి కొట్టుకుంటే నెలరోజులు దిగులుండదు. 1 గ్లాసు కందిపప్పు, అర గ్లాసు పచ్చిశనగపప్పు సన్న మంట మీద దోరగా, కొరికితే టక్కున విరిగేదాకా వేయించండి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, కాబట్టి ఇక్కడ మాత్రం ఓపిక పట్టాలి. తర్వాత 10 ఎండుమిర్చి (మన గుంటూరు మిరపకాయలు కదా, కిటికీలు తెరిచి వేయించండి, లేకపోతే ఇల్లంతా దగ్గే), చెంచా జీలకర్ర. అన్నీ పూర్తిగా చల్లారాకే ఉప్పు వేసి మిక్సీ పట్టాలి, వేడి మీద పడితే ఆవిరికి ముద్ద కడుతుంది. ఒంట్లో ఏమాత్రం ఓపిక లేని రోజు అన్నం ఒక్కటే వండి, ఈ పొడి, నెయ్యి, పచ్చి ఉల్లిపాయ ముక్క.

అన్నం వద్దనిపించిన రోజు పెసరట్టు. పొద్దున వెళ్లేముందు 2 గ్లాసుల పెసలు నానేసి, ఎండాకాలమైతే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. రాత్రికి అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బి అప్పటికప్పుడు పోసేయడమే, దోసెపిండిలా పులియబెట్టే పని లేదు. ఉప్మా పెట్టే ఎమ్మెల్యే పెసరట్టు సెలవు రోజుకి వదిలేయండి.

కోడిగుడ్డు పొరటు గురించి చెప్పక్కర్లేదు, 3 ఉల్లిపాయలు, 5 గుడ్లు, 10 నిమిషాలు.

కర్రీ పాయింట్‌లో కొనుక్కోవడం తప్పేమీ కాదు, సందుకొకటి ఉన్నది మనలాంటి వాళ్ల కోసమే. అన్నం ఇంట్లో వండి, అక్కడ ఒక వేపుడో సాంబారో తెచ్చుకోండి. కానీ ఒకసారి మే నెలలో నేను తెచ్చిన సాంబారు కవర్ విప్పేసరికి పులిసిపోయి ఉంది, అత్తయ్యగారు ఆ రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు, నాకు చాలా బాధేసింది. అప్పటినుంచి ఏది తెచ్చినా ముందు వాసన చూస్తాను, బాగుంటే ఒక పొంగు వచ్చేదాకా మరిగించాకే వడ్డిస్తాను.

మిగిలిన అన్నం మన ఎండలకి బయట వదిలేయొద్దు. భోజనాలవగానే ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు నిమ్మకాయ పులిహోర అయిపోతుంది. అన్నం లోపల పెట్టే చేత్తోనే పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేసేయండి. ఎండాకాలం తెల్లారి లేవగానే ఆ గిన్నె కూడా ఫ్రిజ్‌లోకి మార్చేయాలి, లేకపోతే రాత్రికి పెరుగు పుల్లబడుతుంది.