డెస్క్‌టాప్ యాప్‌ల పాఠాలు – 4: కొత్త ఇంజన్ కావాలని అడగడం

గత పాఠంలో ఒక వెబ్‌సైటును డెస్క్‌టాప్ యాప్‌గా మార్చే సాధనాన్ని వాడి చూశాం. అదే పేజీ బ్రౌజర్‌లో చక్కగా ఉండి, యాప్‌లో చెదిరిపోతే ముందుగా ఇంజన్‌నే, అంటే పేజీని తెరపై చూపే భాగాన్నే, అనుమానించండి. ఎలక్ట్రాన్ (వెబ్ పేజీలతో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే వేదిక)తో కట్టిన యాప్ మీ కంప్యూటర్‌లోని బ్రౌజర్‌ను వాడుకోదు. క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియంను తానే వెంట తెచ్చుకుంటుంది. మీ బ్రౌజర్ తనంతట తాను నవీకరించుకుంటూ ఉంటే, యాప్‌లోని క్రోమియం ఆ యాప్‌ను కట్టిన నాటి దగ్గరే ఉండిపోతుంది.

అనుమానాన్ని రుజువు చేసుకోవాలి. యాప్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి యూజర్ ఏజెంట్ వాక్యం (బ్రౌజర్ తన పేరు, వెర్షన్ చెప్పుకునే వాక్యం) చూడండి. క్రోమ్ పక్కనున్న అంకే ఇంజన్ వెర్షన్. కొన్ని సాధనాలు ఈ వాక్యాన్ని మార్చేస్తాయి కాబట్టి, పని చేయని ఫీచర్‌ను విడిగా ఒక చిన్న పేజీలో పెట్టి కూడా పరీక్షించండి.

ఇప్పుడు కొత్త ఇంజన్ పెట్టమని ఆ సాధనం నిర్వాహకులకు వినతి రాద్దాం. చాలామంది "కొత్త వెర్షన్ పెట్టండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. దానితో నిర్వాహకులకు ఏమీ తెలియదు. ఇలా రాయండి:

"మీ సాధనం ఎలక్ట్రాన్ 20 వాడుతోంది. అందులోది క్రోమియం 104. సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని తీర్చే భాష)లోని 'హ్యాజ్' సెలెక్టర్ క్రోమియం 105లో వచ్చింది కాబట్టి మా పేజీలో మెనూ తెరుచుకోవడం లేదు. పరీక్షా పేజీ జత చేశాను. ఎలక్ట్రాన్ 21కి మారితే ఇది తీరుతుంది."

అయితే 21 దగ్గరే ఎందుకు ఆగాలి, ఏకంగా తాజాదే అడగవచ్చు కదా? అడగవచ్చు, కానీ దానికయ్యే ఖర్చు తెలిసి అడగాలి. విండోస్ 7, 8, 8.1లపై నడిచే చివరి ఎలక్ట్రాన్ 22. ఆ తర్వాతిది కోరితే పాత కంప్యూటర్లున్న వాళ్లకు ఆ యాప్ దూరమవుతుంది. ఇంజన్‌తో పాటు నోడ్ (యాప్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే భాగం) కూడా మారుతుంది, నేటివ్ మాడ్యూళ్లను (సీ++ వంటి భాషల్లో రాసి జత చేసిన భాగాలను) మళ్లీ కట్టాల్సి రావచ్చు. ఇవన్నీ ఆలోచించి రాసిన వినతికి నిర్వాహకులు ఎంతో విలువ ఇస్తారని నా నమ్మకం.

మరోవైపు, పాతదానిలోనే ఉండిపోవడం క్షేమం కాదు. ఎలక్ట్రాన్ బృందం చివరి మూడు ప్రధాన వెర్షన్లకే మరమ్మతులు చేస్తుంది. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ చిత్రాల లైబ్రరీలో బయటపడిన భద్రతా లోపం క్రోమ్‌తో పాటు ఎలక్ట్రాన్ యాప్‌లనూ తాకింది. మీ వెర్షన్ ఆ మూడింటిలో లేకపోతే వినతిలో ఆ మాటే మొదట రాయండి, మెనూ సంగతి తర్వాత.

అభ్యాసం: మీరు రోజూ వాడే ఒక యాప్ ఇంజన్ వెర్షన్ కనిపెట్టి, పై నమూనాలో అయిదు వాక్యాల వినతి రాయండి. వచ్చే పాఠంలో, సొంత ఇంజన్ మోయకుండా వ్యవస్థలోని వెబ్‌వ్యూను (వెబ్ పేజీలు చూపే భాగాన్ని) వాడుకునే టౌరీ వంటి సాధనాలను చూద్దాం.