కరెంటు ప్రెషర్ కుక్కర్ ఎక్కువకాలం మన్నాలంటే – రెండో పాఠం: గిన్నె కింద ఏముంది?

కిందటి పాఠంలో మూత సంగతి చూశాం. రబ్బరు రింగు తీసి కడిగి నీడలో ఆరబెట్టమన్నాను. ఆ పని చేసినవాళ్ళు దాన్ని మళ్ళీ మూత లోపలి కమ్మీలో కూర్చోబెట్టి, వేలితో చుట్టూ తిప్పి చూడండి. కాస్త పట్టుతో తిరిగితే బాగున్నట్టే. వదులుగా జారిపోతున్నా, ఒకచోట సాగినా, పగుళ్ళు కనిపించినా కొత్తది వేసుకోవాలి. రోజూ వండే ఇంట్లో ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి మార్చాల్సి వస్తుంది. కొనేటప్పుడు మీ కుక్కర్ ఎన్ని లీటర్లదో, ఏ మోడలో చెప్పి మరీ కొనండి.

ఇక ఈ వారం కింది భాగం. నన్నడిగితే ఈ పాఠాలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. మనం రోజూ తోమేది గిన్నెని, మూతని. అవి పాడైనా విడిగా దొరుకుతాయి. వేడెక్కే ప్లేటు, సెన్సరు, ఫ్యూజు, కుక్కర్‌ని నడిపే సర్క్యూట్ బోర్డు అన్నీ ఉన్నది కింది డబ్బాలో. దాని వైపు మాత్రం ఎవరూ చూడరు.

ప్లగ్గు తీసేసి, కుక్కర్ పూర్తిగా చల్లారాక గిన్నె పైకి ఎత్తండి. అడుగున గుండ్రటి ప్లేటు కనిపిస్తుంది. దాని మధ్యలో రూపాయి బిళ్ళ లాంటి మెటల్ బొత్తం ఉంటుంది. వేలితో మెల్లిగా నొక్కితే కిందికి దిగి, వదలగానే స్ప్రింగుతో పైకి రావాలి. అదే సెన్సరు. గిన్నె అడుగుకి ఆనుకుని ఉండి, లోపల ఎంత వేడి ఉందో బోర్డుకి చెబుతుంది. చాలా మోడళ్ళలో ఒత్తిడిని కనిపెట్టేది కూడా ఈ కింది భాగమే. లోపల ఆవిరి పెరిగే కొద్దీ గిన్నె రవ్వంత కిందికి నొక్కుకుంటుంది. ఆ కదలికకి ఒక చిన్న స్విచ్ పడి, ప్లేటుకి కరెంటు ఆగుతుంది. ఒత్తిడి తగ్గగానే మళ్ళీ అందుకుంటుంది. పొయ్యి మీది కుక్కర్‌కి మనం విజిళ్ళు లెక్కపెట్టి మంట తగ్గిస్తాం కదా, ఇందులో ఆ పని గిన్నె అడుగే చేసుకుంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ బొత్తం పక్కన ఒక్క బియ్యపు గింజ పడి ఉంటే ఏమవుతుంది? గిన్నె సరిగ్గా ఆనదు. గింజ ఉన్న వైపు ఎత్తుగా, రెండో వైపు పల్లంగా కూర్చుంటుంది. ప్లేటు వేడి గిన్నెకి పూర్తిగా అందదు, సెన్సరుకి అసలు లెక్క తెలియదు. ఒక రోజు అన్నం పలుకుగా ఉంటుంది, మరో రోజు అడుగంటుతుంది. కుక్కర్ పాతబడిపోయిందని మనం అనుకుంటాం. తప్పు ఆ గింజది.

నీటి చుక్క ఇంకా చెడ్డది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ మూతలేని గిన్నెలో నీళ్ళు దాదాపు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత బిగించిన కరెంటు కుక్కర్‌లో అది సుమారు 115 దాకా వెళ్తుంది. లోపలి నీళ్ళకే అంత వేడి అందాలంటే కింది ప్లేటు అంతకన్నా వేడిగా ఉండాలి. తడి గిన్నెని దాని మీద పెడితే ఆ చుక్కలు చుయ్యిమని ఆవిరైపోతాయి. నీళ్ళు పోయినా అందులోని సున్నం ప్లేటు మీదే మాడి అంటుకుంటుంది. ఏడాది పాటు రోజుకు రెండు చుక్కలైనా చాలు, ప్లేటు నిండా మచ్చలు పేరుకుంటాయి. అందుకే ఈ పాఠంలో మొదటి అలవాటు: గిన్నె బయటి అడుగుని పొడిగుడ్డతో తుడవకుండా లోపల పెట్టకండి. బియ్యం కడిగి పోశాక కూడా ఒకసారి కింద తుడవాలి. పది సెకన్ల పని.

మల్కాజిగిరిలో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. సాయంత్రం కరెంటు పోయి ఉంది. గిన్నె సింకులో ఆరుతోంది. అమ్మ చీకట్లో, గిన్నె లోపలే ఉందనుకుని రెండు గ్లాసుల బియ్యం, నాలుగు గ్లాసుల నీళ్ళు నేరుగా డబ్బాలో పోసేసింది. తెలిసేసరికి నీళ్ళన్నీ కిందికి దిగిపోయాయి. కరెంటు వచ్చేలోపే ప్లగ్గు పీకగలిగాం కాబట్టి అమ్మకి ఏమీ కాలేదు, కుక్కర్ మాత్రం మళ్ళీ వెలగలేదు. అమ్మ వారం రోజులు బాధపడింది. తప్పు ఆమెది కాదు. ఖాళీ డబ్బాని అలా తెరిచి ఉంచడమే తప్పు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఒక నియమం ఉంది: గిన్నె బయట ఉన్నంతసేపూ డబ్బా మీద అడ్డంగా చెక్క గరిటె ఉంటుంది. పెద్దవాళ్ళు, పనికి వచ్చే అక్క, పిల్లలు, ఎవరు వచ్చినా గరిటె చూసి ఆగుతారు.

మీ ఇంట్లోనూ అలా నీళ్ళు పడితే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు తీయండి. తర్వాతే డబ్బాని వంచి నీళ్ళు కారనివ్వండి. ఎండుతుందిలే అని మర్నాడు వేసేయకండి. పప్పు నీళ్ళో, పాలో, ఉప్పు కలిసినవో పడితే తేమ ఆరినా బోర్డు మీద ఆ పొర మిగిలి షార్టవుతుంది. మెకానిక్ విప్పి శుభ్రం చేశాకే వాడాలి.

మెకానిక్ అంటే గుర్తొచ్చింది. ప్లేటు దగ్గర ఒక థర్మల్ ఫ్యూజు ఉంటుంది. చాలా మోడళ్ళలో సుమారు 170 డిగ్రీలు దాటితే అది తెగిపోతుంది, మళ్ళీ అతుక్కోదు. కుక్కర్ లైటు కూడా రాకుండా ఆగిపోతే చాలాసార్లు కారణం ఇదే. చౌకగా దొరికే భాగమే, కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఇస్తారు. కానీ అదే డిగ్రీలది, అదే ఆంపియర్లది వేయించుకోవాలి. ఫ్యూజు లేకుండా తీగ కలిపి ఇచ్చేస్తానని ఎవరైనా అంటే వద్దని కుక్కర్ వెనక్కి తెచ్చుకోండి. వేడి హద్దు దాటినప్పుడు ఆపే చివరి కాపలా అదే. ఈ విషయంలో రాజీ పడొద్దు.

అసలు అంత వేడి ఎందుకు ఎక్కుతుంది? మన వంటలోనే కారణం ఉంది. బగారా అన్నం తీసుకోండి. సాతే మోడ్‌లో, అంటే మూత పెట్టకుండా వేయించే మోడ్‌లో, నూనె వేసి, షాజీరా, లవంగాలు, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద వేయిస్తాం. ఆ ముద్ద అడుగున పట్టేస్తుంది. దాని మీదే బియ్యం, నీళ్ళు పోసి మూత పెడితే పట్టిన పొర మాడుతూనే ఉంటుంది, ఆ చోట వేడి విపరీతంగా పెరుగుతుంది. కొన్ని కుక్కర్లు అడుగంటిందని తెర మీద చూపించి ఆగుతాయి. ఆ హెచ్చరిక లేనివి అలాగే కాలుతూ పోతాయి. వేగడం అయ్యాక అర గ్లాసు నీళ్ళు పోసి, చెక్క గరిటెతో అడుగంతా గీకి, ఏమీ అంటుకుని లేదని చూశాకే బియ్యం వేయండి. ఆ అర గ్లాసుని మొత్తం నీళ్ళ లెక్కలో కలుపుకోండి. టమాటా పప్పుకి పప్పు, నీళ్ళు కింద వేసి, టమాటా ముక్కలు పైన పరిచి కలపకుండా వదిలేయండి. చిక్కటిది అడుగుకి చేరితే మాడుతుంది. పప్పు ఏదైనా గిన్నెలో సగం దాటకూడదు, ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. ఉప్పు మాత్రం చల్లటి నీళ్ళలో వేసి వదలకండి. కరగని ఉప్పు అడుగున కూర్చుంటే స్టీలు మీద సూది పొడిచినట్టు చిన్న గుంటలు పడతాయి. ఉడికాక కలిపితే సరిపోతుంది.

నీళ్ళ సంగతి. నల్లా నీళ్ళు వచ్చే ఇళ్ళలో పెద్ద బెంగ లేదు. బోరు మీదో, ట్యాంకరు మీదో బతికే అపార్టుమెంట్లలో మాత్రం గిన్నె లోపల తెల్లటి పొర కడుతుంది, మూతలో పైకి లేచే చిన్న పిన్ను కూడా బిగుసుకుంటుంది. నెలకోసారి లీటరు నీళ్ళలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి ఐదు నిమిషాలు నడపండి, ఒత్తిడి దానంతట అదే తగ్గనివ్వండి. పొర వదిలిపోతుంది. ప్లేటు మీది మచ్చలకి వెనిగర్‌లో తడిపి గట్టిగా పిండిన గుడ్డ చాలు. స్టీలు పీచు వద్దు, నీళ్ళు పోయడం అసలే వద్దు.

బొద్దింకల గురించి కూడా చెప్పాలి. డబ్బా అడుగున గాలి కోసం చిల్లులుంటాయి. లోపల వెచ్చగా, చీకటిగా ఉంటుంది. సింకు పక్కన పెట్టిన కుక్కర్‌లోకి రాత్రిపూట బొద్దింకలు చేరి బోర్డుని పాడుచేస్తాయి. ఆ చిల్లుల్లోకి మందు కొట్టకండి, అది కూడా బోర్డుకి చేటే. కుక్కర్‌ని సింకుకి దూరంగా, పొడిచోట ఉంచండి. చుట్టూ మెతుకులు లేకుండా పడుకునే ముందు తుడవండి.

ప్లగ్గు మాట క్లుప్తంగా. 1000 వాట్ల కుక్కర్ 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్ల పైనే తీసుకుంటుంది. వదులైన పాత సాకెట్టు దానికే వేడెక్కుతుంది. మిక్సీతో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకండి. వీలుంటే పెద్ద సాకెట్టు వాడండి. విడిగా వచ్చే వైరైతే కుక్కర్ వైపు చివర్ని పూర్తిగా లోపలికి నొక్కండి, సగం ఎక్కిన పిన్ను నల్లగా కాలిపోతుంది.

ఈ వారం పని: గిన్నె తీసి, టార్చి వెలుగులో ప్లేటు అంతా చూడండి. గింజలు ఉంటే మెత్తటి పొడి బ్రష్‌తో బయటికి తీయండి. బొత్తం నొక్కి వదలండి, స్ప్రింగు ఆడుతుందో లేదో చూడండి. తర్వాత గిన్నె పెట్టి, అంచు పట్టుకుని కుడికీ ఎడమకీ కొంచెం తిప్పండి. ఎక్కడా ఊగకుండా నిలకడగా కూర్చోవాలి. ఊగితే మళ్ళీ తీసి చూడండి, కింద ఇంకో గింజ ఉండి ఉంటుంది.

వచ్చే పాఠంలో ఆవిరి వదిలే వాల్వు.