తెలుగు క్లాసులో ఆలోచన – 3: రెండు సామెతల తగవు

పోయినసారి ఇచ్చిన పని గుర్తుందిగా? మీ పాఠ్య ప్రణాళికలోని 10 ప్రశ్నలు తీసి, గైడులో జవాబు దొరికే ప్రతిదాని పక్కనా టిక్కు పెట్టమన్నాను. నా పాత ప్రణాళికకు 8 టిక్కులు పడ్డాయి. అందులో రెండు "విశ్లేషించండి" అని ముగిసేవే!

అమెరికా విద్యావేత్త బ్లూమ్ బృందం ఆలోచన స్థాయిలకు 1956లో వేసిన మెట్లను 2001లో సవరించారు. జ్ఞాపకం, అవగాహన, అన్వయం, విశ్లేషణ, మూల్యాంకనం, సృజన అనే వరుస అప్పటిది. బీఈడీలో మనందరం బట్టీ పట్టిందే (జ్ఞాపకం దగ్గరే ఆగిపోయాం, అది వేరే సంగతి). క్రియాపదం మార్చినంత మాత్రాన మెట్టు మారదు. జవాబు ముందే ఎక్కడో రాసి ఉంటే అది జ్ఞాపకమే.

ఈసారి ప్రణాళికను చివరి మెట్ల నుంచి రాద్దాం. ఎనిమిదో తరగతి, 45 నిమిషాలు. బోర్డు మీద రెండే సామెతలు: "ఆలస్యం అమృతం విషం", "నిదానమే ప్రధానం". అర్థాలు అడగొద్దు, పిల్లలకు తెలుసు. అడగాల్సింది ఒక్కటే: "ఏది ఎప్పుడు చెల్లదు?"

మొదట "రెండూ నిజమే సార్" అంటారు. అక్కడ తొందరపడి మీరు వివరించబోకండి. రెండు సందర్భాలు ఇవ్వండి. పొలంలో ఒకరిని పాము కరిచింది. ఇంకొకరికి ఫోన్ వచ్చింది: "వెంటనే ఓటీపీ చెప్పకపోతే మీ ఖాతా ఆగిపోతుంది." ఇక చూడండి. ఓటీపీ అడిగేవాడు మొదటి సామెతనే ఆయుధంగా వాడుకుంటున్నాడని ఎవరో ఒకరు పట్టుకోవచ్చు. పట్టుకోకపోతే "ఆ తొందర ఎవరికి లాభం?" అని అడగండి, అంతకు మించి వద్దు.

ఇది భాషా పాఠమెలా అవుతుందంటారా? వాదించాలంటే పిల్లలకు "ఆలస్యమైతే ప్రాణం పోతుంది", "ఆలస్యమైనా నష్టం లేదు" లాంటి వాక్యాలు కావాలి. మొదటిది చేదర్థకం (ఇలా అయితే అలా అవుతుందని షరతు చెప్పేది), రెండోది అప్యర్థకం (ఇలా అయినా సరే అనేది). వ్యాకరణం పీరియడులో నిద్రపోయే ఈ రెండూ ఇక్కడ లేకపోతే నోరు పెగలదు. పిల్లలు అన్న వాక్యాలనే బోర్డు మీద రెండు వరుసల్లో రాసి, పేర్లు ఆఖర్న చెప్పండి.

సమయం పంచుకోవడం: సామెతలకు 5 నిమిషాలు, వాదనకు 20, వ్యాకరణానికి 10, మిగిలిన 10 ఎవరి అభిప్రాయం వాళ్లు రాయడానికి. దిద్దేటప్పుడు ఏ పక్షం అన్నది చూడొద్దు. కారణం చెప్పారా, ఎదుటివాడి మాటకు బదులిచ్చారా అన్నది చూడండి.

వచ్చే భాగానికి: "అడగందే అమ్మైనా పెట్టదు", "ఊరకున్నంత ఉత్తమం లేదు". వీటికి మీ తరగతిలో వేసే ఒక్క ప్రశ్న రాసి ఉంచండి. దాని జవాబు గైడులో దొరుకుతుందేమో చూడడం మరవకండి.