చైనా నగర క్రైస్తవ సంఘాలపై చర్చా కూటం నడపడం ఎలా

చెన్నైలోని మన తెలుగు క్రైస్తవ సంఘాల యువజన కూటాల్లో చైనా ప్రొటెస్టెంట్ల మాట వస్తే, అది హింసల సాక్ష్యాలతో మొదలై ప్రార్థనతో ముగుస్తుంది. ప్రార్థన అవసరమే. అయితే ఆ సంఘాలు తమ నగరాల్లో పౌర సమాజం, అంటే ప్రభుత్వంతో పని లేకుండా పౌరులే కలిసి నడుపుకునే సంస్థలు, అలవాట్లు పెరగడానికి ఎలా తోడ్పడ్డాయో తెలియాలంటే, చర్చను మీ సొంత సంఘపు లెక్కల పుస్తకంతో మొదలుపెట్టండి.

పెరంబూరులో మేము అలాగే చేశాం. కోశాధికారి ఎర్ర అట్ట పుస్తకం తెరిచి, కానుకల్లో కరెంటు బిల్లుకెంత, విధవరాళ్ల సహాయానికెంత వెళ్లిందో చదువుతుండగా, ఒక పెద్దావిడ లేచి స్పీకర్ల మరమ్మతుకు అంత ఎందుకైందని అడిగారు. అలా అడిగే హక్కు, జవాబు చెప్పే బాధ్యత ఎక్కడ అలవాటవుతాయన్నదే ఆ సాయంత్రపు విషయమని అప్పుడే చెప్పండి.

తరువాత, 1954లో ఏర్పడిన త్రీ-సెల్ఫ్ దేశభక్త ఉద్యమంలోని, ప్రభుత్వం గుర్తించిన అధికారిక సంఘాలను, అందులో చేరకుండా గుర్తింపు లేకుండానే కూడుకునే గృహ సంఘాలను వేరుచేసి చూపండి. మొదటివాటిని ప్రభుత్వ కీలుబొమ్మలని ఎవరైనా కొట్టిపారేస్తే ఒప్పుకోకండి; 1985లో నాన్‌జింగ్‌లో అమిటీ ఫౌండేషన్ అనే సేవాసంస్థ ఏర్పడింది ఆ సంఘాల నాయకుల చొరవతోనే.

ఎక్కువ సమయం బీజింగ్‌లోని షౌవాంగ్ సంఘానికి కేటాయించండి. చదువుకున్న ఉద్యోగస్తులు ఎక్కువగా ఉన్న ఈ సంఘం రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసి తిరస్కరణకు గురైంది. 2009లో సభ్యులు పోగుచేసిన సుమారు 2.7 కోట్ల యువాన్లతో ఒక భవనంలో అంతస్తు కొన్నా, తాళాలు చేతికి రాలేదు. అద్దె చోటు కూడా పోవడంతో ఆ నవంబరులో హైడియన్ పార్కు దగ్గర మంచు కురుస్తుండగా ఆరాధించారు. 2011 ఏప్రిల్‌లో మళ్లీ ఆరుబయట కూడబోతే పోలీసులు పట్టుకెళ్లారు. ఇక్కడ ఆగి, ఒక అంతస్తు కొనాలంటే సంఘానికి ఏమేం చేతనై ఉండాలో అడగండి. తీర్మానాలు, లెక్కలు, ఒప్పందాలు, ఒకరి సొమ్ము మీద మరొకరికి నమ్మకం అంటూ జవాబులు వాళ్లే చెబుతారు.

2008 సిచువాన్ భూకంప సహాయంలో పాల్గొన్న క్రైస్తవ స్వచ్ఛంద సేవకులనూ ప్రస్తావించండి. సంఘాలు పెరిగితే ప్రజాస్వామ్యం దానంతటదే వస్తుందని మాత్రం చెప్పకండి. చాలా గృహ సంఘాలు రాజకీయాలకు దూరంగానే ఉంటాయి, పైగా 2018 ఫిబ్రవరి 1 నుంచి అమలైన మత వ్యవహారాల నిబంధనలతో అదుపు మరింత బిగిసింది. చెంగ్డులోని ఎర్లీ రెయిన్ సంఘ కాపరి వాంగ్ యీకి 2019 డిసెంబరులో 9 ఏళ్ల జైలుశిక్ష పడింది.

మీ కూటంలో ఎవరికైనా అక్కడి విశ్వాసులతో పరిచయం ఉంటే, వారి పేర్లు, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దని కూటం మొదలయ్యే ముందే చెప్పండి.