డిజిటల్ అసిస్టెంట్‌గా చేరావా? మొదటి నెల ఇలా గట్టెక్కు

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు మొదటి బ్యాచ్‌లో డిజిటల్ అసిస్టెంట్‌గా చేరినవాణ్ని. రెండేళ్లు ప్రొబేషన్, నెలకు 15,000. ఈ మధ్య మా బాబాయి కొడుకు కారుణ్య నియామకంలో ఇదే పోస్టులో చేరాడు. రోజూ రాత్రి ఫోన్ చేసి వాడు అడిగేవే ఇక్కడ రాస్తున్నా.

నా ఆర్డరులో ‘పంచాయతీ కార్యదర్శి గ్రేడ్-6’ అని ఉంది. ఊరికి మాత్రం నువ్వు కంప్యూటరబ్బాయివే. ఫీలవ్వకు.

ఈ ఉద్యోగంలో కోడింగ్ ఉండదు. సగం పని పేర్లతోనే. ఆధార్‌లో ‘వెంకట లక్ష్మి’, రేషన్ కార్డులో ‘వెంకటలక్ష్మమ్మ’, కూతురి టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోలా. అందుకే టైపు చేసేముందు కాగితాలన్నీ పక్కపక్కన పెట్టు. తేడా కనిపిస్తే ఏది ముందు సరిచేయించుకోవాలో అప్పుడే చెప్పు. సబ్మిట్ కొట్టేముందు మానిటర్ వాళ్లవైపు తిప్పి చూపించు, చదువు రానివాళ్లకు పైకి చదివి వినిపించు. ఆదాయ సర్టిఫికెట్ నీ దగ్గర మొదలై వీఆర్వో, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్)లను దాటి తహసీల్దారు దాకా వెళ్తుంది. ఆ దారిలో నీ తప్పు ఎవరూ పట్టుకోకపోవచ్చు. చేరిన కొత్తలో ఒక అమ్మాయి తండ్రి ఇంటిపేరు తప్పు కొట్టాను. ఆ పిల్ల వారం మళ్లీ తిరిగింది. రెండోసారి ఫీజు నేనే కట్టాను, కానీ వాళ్లమ్మ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తర్వాత వేలిముద్ర. మిరప కోతలకు, సిమెంటు పనికి వెళ్లేవాళ్ల చేతులు అరిగిపోయి ఉంటాయి. ముందు స్కానర్ అద్దం పొడిగుడ్డతో తుడువు. వేలిని తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వు. పడకపోతే వేలు మార్చు, అదీ కాకపోతే ఐరిస్, అంటే కంటిపాప స్కాన్. వరసగా నలుగురికి పడలేదంటే తప్పు వేళ్లది కాదు, కంప్యూటర్లో స్కానర్‌ని నడిపే ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంటుంది. విండోస్ సర్వీసెస్‌లోకి వెళ్లి రీస్టార్ట్ చెయ్యి, యూఎస్‌బీ పోర్టు మార్చి చూడు. నాకిది తెలియక ఒకసారి ఓ ముసలాయన చేత మూడుసార్లు చేతులు కడిగించాను.

పాత తీర్మానాల ఫైళ్లు ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో ఉంటాయి. తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. మళ్లీ టైపు చేస్తూ కూర్చోకు, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు మాత్రం కళ్లతో సరిచూసుకో.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది డాంగిల్, అంటే డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పుల్ల. పంచాయతీ ఆర్థిక సంఘం నిధుల బిల్లులు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో డిజిటల్ సంతకంతోనే కదులుతాయి. సంతకం పెట్టాల్సినవాళ్లు ‘నువ్వే చూసుకో’ అని తమ డాంగిల్, పిన్ రాసిన చీటీ నీ డ్రాయర్లో పడేస్తారు. తీసుకోకు. గొడవ పడక్కర్లేదు, ‘పిన్ మీరే కొట్టండి సార్, నేను పక్కనే ఉండి చూపిస్తా’ అంటే చాలు. నీ లాగిన్ కూడా అంతే, భోజనానికి లేచినా లాగౌట్ చేసే లేవాలి. రేపు ఆడిట్‌లో అడిగేది ఏ లాగిన్‌లో జరిగిందనే.

2025 జనవరి 30న వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలందించే ‘మన మిత్ర’ వచ్చాక మన పని తగ్గుతుందన్నారు. జనం ఇప్పుడు ఆ ఫోన్ పట్టుకునే మన దగ్గరికి వస్తున్నారు! నేర్పించు. ఓటీపీ మాత్రం వాళ్ల చేతే కొట్టించు.

ఒకటో తారీఖు పింఛన్లు మనమూ పంచాలి. ముందురోజే ఫోన్, పవర్‌బ్యాంకు నిండా ఛార్జింగ్ పెట్టు. వృద్ధాప్య పింఛను 4,000 అంటే ఎనిమిది ఐదొందల నోట్లు, కట్టలు బ్యాంకులోనే లెక్కపెట్టుకో. మంచం మీదున్నవాళ్ల ఇళ్లకు ముందు వెళ్లు. సిగ్నల్ అందని వీధి ఏదో ముందే కనుక్కో. మా ఊళ్లో అది రామాలయం వెనక వీధి. అక్కడ నడవగలిగిన అవ్వలు ఆరింటికల్లా గుడి అరుగు మీదకొచ్చి కూర్చుంటారు.