గ్యాస్ లీక్ అని ఫోన్ వస్తే మెకానిక్ చేయాల్సిన పని

"వాసన వస్తోంది, త్వరగా రండి" అని ఫోన్ రాగానే బైక్ తీయకండి. ముందు ఫోన్‌లోనే చెప్పండి: రెగ్యులేటర్ ఆపండి, తలుపులు కిటికీలు తీయండి, ఏ స్విచ్చూ వేయొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు, అందరూ బయటికొచ్చి నిలబడండి. ఆపొద్దు అన్నది ఎవరికీ తట్టదు, కానీ స్విచ్ వేసినా తీసినా లోపల నిప్పురవ్వ పుడుతుంది. వాసన ఘాటుగా ఉందంటే రెగ్యులేటర్ దాకా కూడా వెళ్లనివ్వకండి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయమనండి. అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు.

ఇంటి దగ్గర కాలింగ్ బెల్ నొక్కకండి, తలుపు తట్టండి. మీ ఫోన్ బయటే ఉంచండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, కాబట్టి నిలబడితే వాసన తగ్గిందనిపించినా నమ్మొద్దు, వంటగట్టు కింద గ్యాస్ బండ పెట్టిన అరలో అది అలాగే ఉంటుంది. గాలిలో సుమారు రెండు శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. పైపులైన్ గ్యాస్ దీనికి తిరగేసి, తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుంది.

లీక్ వెతకడానికి సబ్బు నీళ్లే. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, మీ పక్కన ఎవరైనా ఆ పని చేస్తే చెయ్యి పట్టుకుని ఆపండి. బండను ఆరుబయటికి తెచ్చి, రెగ్యులేటర్ తీసి, వాల్వ్ నోట్లో రెండు చుక్కల నీళ్లు వేయండి. బుడగలు వస్తూనే ఉంటే పిన్ లీక్, అంటే వాల్వ్ లోపలి పిన్ సరిగ్గా మూసుకోవడం లేదు. స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, సేఫ్టీ క్యాప్ బిగించి, బండను నిలువుగా, డ్రైనేజీకి, మంటకు దూరంగా పెట్టి 1906కి చెప్పండి. రెగ్యులేటర్ పెట్టి ఆన్ చేస్తేనే బుడగలు వస్తుంటే చాలాసార్లు వాషర్ పోయి ఉంటుంది.

అసలు కష్టం రిపేర్‌లో లేదు, కాదని చెప్పడంలో ఉంది. నేనొకసారి స్టవ్ మంట సన్నగా వస్తోందంటే వెళ్లాను. బర్నర్ సంగతి పక్కన పెట్టి ట్యూబ్ చూస్తే, స్టవ్ నాజిల్ దగ్గర క్లిప్ బదులు బైండింగ్ వైరు చుట్టి ఉంది. అక్కడే ట్యూబ్‌ను వేళ్ల మధ్య వంచాను, జుట్టంత సన్నటి పగుళ్లు వరసగా తెరుచుకున్నాయి. "సాయంత్రం చుట్టాలొస్తున్నారు, ఈ ఒక్క పూటకి వదిలెయ్ బాబూ" అన్నారు ఆవిడ. "అమ్మా, ఒకసారి మీరే వంచి చూడండి" అని చేతికిచ్చాను. వంచి చూశాక ఇంకేం మాట్లాడలేదు, కొత్త ట్యూబ్ తెప్పించారు. అందుకే చెబుతున్నా, భయపెట్టకండి, చూపించండి. పగుళ్లు లేకపోయినా సురక్షా ట్యూబ్‌ను (స్టవ్‌కి గ్యాస్ తెచ్చే రబ్బరు ట్యూబ్) ఐదేళ్లకోసారి మార్చాల్సిందే.

బాత్రూంలో గ్యాస్ గీజర్ కనబడితే మాత్రం బేరం వద్దు. చిన్న గది, తలుపు మూసి ఉంటుంది, గాలి చాలక గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం, తర్వాత స్పృహే ఉండదు. "కిటికీ తీసి స్నానం చేయండి" అని సలహా ఇచ్చి రావడం తప్పు. కనెక్షన్ తీసేయండి. గీజర్ బయట గాలి ఆడేచోట పెట్టి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తేవాలి. ఇంట్లో ఎవరికైనా ఆ లక్షణాలు ఇప్పటికే ఉంటే ముందు బయటి గాలిలోకి తీసుకెళ్లి 108కి ఫోన్ చేయండి, గీజర్ తర్వాత.

కొందరు ఒప్పుకోరు. మనకు బలవంతంగా తీసే అధికారం లేదు, అయినా ఆన్ చేసి ఇచ్చి రావొద్దు. ఏం చూశారో, ఏం చెప్పారో, తేదీ, టైము రాసి సంతకం అడగండి, పెట్టకపోతే పెట్టలేదని రాసుకోండి, ఫొటో తీయండి (లీక్ లేదని తేలాకే), వాళ్ల గ్యాస్ ఏజెన్సీకి తెలియజేయండి. లీక్ అవుతున్నా ఆపనివ్వకపోతే వదిలేసి వెళ్లిపోకండి, ఇంటి బయటికొచ్చి 1906కి ఫోన్ చేసి, అపార్ట్‌మెంట్ అయితే కింద ఇంటివాళ్లకు ముందుగా చెప్పండి, ఎందుకంటే ఆ గ్యాస్ మెట్ల మీదుగా దిగేది వాళ్లింటి వైపే.